రంగు వేయని గడి

ఉద్యోగం చేసినంత కాలం నేను మరకలు చూశాను. మొదట ఒక రంగుల కంపెనీ ల్యాబ్‌లో. గోడ మీద రంగు ఎందుకు పొంగింది, కారు మీద రంగు ఎందుకు పెళుసుబారింది, అదీ పని. ఆ ల్యాబ్ ఎత్తేశాక, రిటైరయ్యే దాకా షికాగో శివారులోని ఒక చిన్న మ్యూజియంలో. అక్కడ పాత వస్తువుల మీది మరక ఏమిటో, ఎలా వచ్చిందో చెప్పాలి. మా ఆవిడ నన్ను ఎవరికైనా పరిచయం చేయాల్సి వస్తే, చొక్కా మీద పడ్డ సాంబారు తప్ప ఈయనకు అన్ని మరకలూ కనిపిస్తాయని చెబుతుంది.

పోయిన నెల షామ్‌బర్గ్‌లో ఉండి చదువుకుంటున్న పిల్లలు కొందరు మా ఇంటికి భోజనానికి వచ్చారు. వాళ్ళలో ఒకమ్మాయి, "అంకుల్, మీ కెరీర్‌లో బెస్ట్ ప్రాజెక్ట్ ఏది?" అని అడిగింది. నేను రాసిన రిపోర్టులన్నింటిలో 'తెలియదు' అన్న మాట దేనిలో ఎక్కువగా ఉందో అదే అన్నాను. జోకు అనుకుని నవ్వారు. జోకు కాదు కనుక ఇది రాస్తున్నాను. నా డైరీలు ముందు పెట్టుకున్నాను గాని వాటిలో వాతావరణమూ, ఆ రోజు చేసిన పనీ తప్ప పెద్దగా ఏమీ ఉండవు. మనుషుల మాటలు జ్ఞాపకం నుంచి రాస్తున్నవి. ఇంగ్లీషులో జరిగిన సంభాషణలు తెలుగులో పెడుతున్నాను.

ఆ వస్తువు ఒక తెర. ఇరవయ్యో శతాబ్దం మొదలైన కొత్తలో ఒక అమెరికన్ మద్రాసులో డేరా వేసి బయోస్కోపు చూపించేవాడు. నడుమ నడుమ గారడీ, పాటలు, కుస్తీ. ఒకటి ముగిసి ఇంకొకటి మొదలయ్యే లోపు ఈ తెర దించేవారు. ఊరికే కూర్చున్న జనం ఏదో ఒకటి చూడాలి కదా. అందుకని తెర నిండా ఊళ్ళోని కొట్ల ప్రకటనలు రాయించారు. మధ్యలో ఒక సరస్సు, హంసలు, మద్రాసులో ఎవరూ ఎన్నడూ చూడని ఒక కోట. దాని చుట్టూ గళ్ళు గళ్ళుగా వ్యాపారం.

ఫోటోలు తీయడానికి దాన్ని ల్యాబ్‌లో వేలాడదీసిన రోజున నేను ఇంకే పనీ చేయలేదు. చదువుతూ కూర్చున్నాను. పై వరుసల్లో ఇంగ్లీషు: డ్యాన్సులకు సూట్లు కుట్టే దర్జీ, నొప్పి తెలియకుండా పళ్ళు పీకే డాక్టరు, సైకిళ్ళు, గోడ గడియారాలు. కింది వరుసల్లో తెలుగు, అరవం: తలనూనె, సోడా, హార్మోనియం మరమ్మతు. ఒక గడిలో తలపాగా పెట్టుకున్న పెద్దమనిషి ముక్కుకు రెండు వేళ్ళు ఆనించి ఉన్నాడు. కింద, "మహారాజులు పీల్చు పొడుము. ఒక్క పట్టుతో తలభారము తీరును" అని రాసి ఉంది. మా కన్సర్వేటర్‌కు అది ఇంగ్లీషులో చెప్పాను. ఇంకా దొరుకుతుందేమో కనుక్కో, ఈ మ్యూజియంలో అందరికీ అవసరమే అంది.

ఈమె గురించి చెప్పాలి. కన్సర్వేటర్ అంటే పాత వస్తువులను శుభ్రం చేసి, చిరుగులు అతికి, ఇంకొన్నాళ్ళు బతికించే మనిషి. నాకంటే చిన్నది. వేళ్ళు ఎంత నిదానమో నాలుక అంత చురుకు. ఇంగ్లీషు పైనా, మన భాషలు కిందా ఎందుకున్నాయని ఆమె అడిగితే, కింద రేటు తక్కువై ఉంటుందన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ల్యాబ్ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని తెర వైపు చూసింది. తర్వాత కుర్చీలో కూర్చుని చూసింది. నేల మీద కూర్చున్నవాళ్ళ కళ్ళకు కింది వరుసలు, కుర్చీల వాళ్ళ కళ్ళకు పై వరుసలు. ఆ తెర ఒక ఊరు కూర్చున్న పద్ధతి. నాకు అది తట్టలేదు. తెలుగు చదవడం వస్తే చాలు, తెర అంతా అర్థమైపోతుందని అనుకున్నాను.

తెరను మాకు ఇచ్చింది తొంభై దాటిన ఒక పెద్దావిడ. డేరా వేసినాయన ఆమె తండ్రికి తండ్రి. వాకర్ నెట్టుకుంటూ ల్యాబ్‌కు వచ్చి, కాఫీ వద్దని, నీళ్ళు తాగి, కథ మొదలుపెట్టింది.

ఒక పగటి పూట డేరా తగలబడింది. లోపల ఎవరూ లేరు. ఆ రోజు ఆట లేదు. యంత్రం, ఫిల్ములు, బల్లలు, అన్నీ బూడిద. మిగిలింది తెర ఒక్కటే. ఆ డేరాలో సగం ఆయన తమ్ముడిది. తమ్ముడు ఇల్లినాయ్‌లోనే ఉండి, పొలం తాకట్టు పెట్టి అన్నకు పంపాడు. అన్న ఓడ దిగి తెర చుట్ట ఒక్కటే తెచ్చాడు. అంతా కాలిపోతే ఇదెలా మిగిలిందని తమ్ముడు అడిగాడు. అది డేరాలో లేదు, ఒక గడిలో కొత్త ప్రకటన రాయడానికి పెయింటర్ తీసుకెళ్ళాడు అని అన్న చెప్పాడు. తమ్ముడు కొట్టంలో తెర విప్పించి చూశాడు. కింది వరుసలో కుడి చివర ఒక గడి ఖాళీగా ఉంది. ఏ పెయింటర్? ఏ ప్రకటన? ఇన్సూరెన్స్ కోసం నువ్వే అంటించావు, ఇష్టమైన వస్తువు ఒక్కటి ముందే బయటికి తీసి దాచావు అన్నాడు. ఆ తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకోలేదు.

మాట్లాడుకోకపోవడంతో ఆగలేదు. ఆ ఊరి శ్మశానంలో వాళ్ళ వంశం పేర్లన్నీ చెక్కిన పెద్ద రాయి ఉంది. అన్న పేరు దాని మీద లేదు. ఆయన్ని ఆ చివర కంచె పక్కన పాతిపెట్టారు. రాయీ స్థలమూ తమ్ముడి వైపు వాళ్ళవి. ఇప్పుడు వాటి మీద పెత్తనం తమ్ముడి మనవడిది, ఆయనా ఎనభై దాటినవాడే.

"నేను పోయేలోగా మా తాత పేరు ఆ రాయి మీద చూడాలి" అంది పెద్దావిడ. "వాడిని అడిగాను. మ్యూజియం వాళ్ళు ఏం చెబుతారో చూద్దాం అన్నాడు. వాడు అంతకంటే మెత్తగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు."

మీ తాత స్వయంగా ఏం చెప్పేవాడని మా కన్సర్వేటర్ అడిగింది. చిన్నప్పుడు తను చాలాసార్లు అడిగిందట. ఎప్పుడు అడిగినా ఒకటే మాట: ఊళ్ళో గుర్రాలన్నీ పూలు పెట్టుకున్న రోజు అది. చిన్నప్పుడు ఆ మాట బాగుండేదట. పెద్దయ్యాక, ముసలితనంలో మతి చెదిరి అలా అనేవాడని అనుకుందట. నేనూ అలాగే అనుకున్నాను. ఆనాటి నా డైరీలో తెర కొలతలున్నాయి, గుర్రాలు లేవు.

ఇక ఖాళీ గడి. మా వాళ్ళు రాసిన తొలి పరిశీలనలో దానికి ఎదురుగా 'రంగు పూర్తిగా రాలిపోయింది' అని ఉంది. మిగతా గళ్ళు మాసినా మెరుస్తుంటే, ఇది పాత గోడలా పాలిపోయి ఉంది. ప్రదర్శన శరత్కాలం చివర్లో. ప్రదర్శనల బాధ్యత చూసే మా క్యూరేటర్ మంచివాడు, ఎప్పుడూ హడావిడిలో ఉండేవాడు. సందర్శకులు హంసలను వదిలేసి ఆ కన్నాన్నే చూస్తారని ఆయన భయం. డిజైనర్ చేత పాత పద్ధతిలో ఒక టీ ప్రకటన చేయించి, గుడ్డ మీద అచ్చు వేయించి, ఆ గడి మీద కప్పుదామన్నాడు. రేపు కావాలంటే తీసేయొచ్చు, తెరకు నష్టం లేదు. ఆయన వాదనలో తప్పేమీ లేదు. కానీ ఆ గడి మీద ఒక వంశం తగువు నడుస్తోందని మాకు తెలుసు. టీ కప్పు కప్పితే ఇక ఎవరూ దాని కింద చూడరు. పెద్దావిడకు ఆ గడి తప్ప వేరే సాక్షి లేదు.

కప్పే ముందు శుభ్రం చేయాలి కనుక మా కన్సర్వేటర్ ఆ గడి దగ్గర కూర్చుంది. కాసేపటికి నన్ను పిలిచింది. గొంతులో ఎప్పుడూ లేని మెల్లదనం.

"ఇలా రా. నేనేదో చేశాను. ఇది ఎర్రబడుతోంది."

గడి మూలలో ఒక పసుపుపచ్చ మరక ఉంది. మధ్యలో తుప్పులాంటి చిన్న చుక్క. తడి దూది తగిలిన అంచు ఎర్రగా తిరిగింది. దూదిలో ఏముందని అడిగాను. మురికి తీయడానికి కొద్దిగా క్షారం కలిపిన నీళ్ళు. నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. బయట బల్ల మీదున్న నా లంచ్ డబ్బా మూత తీసి, బంగాళాదుంప కూర మీద అవే నీళ్ళు ఒక చుక్క వేసి చూపించాను. కూర ఎర్రబడింది. పసుపులో సున్నం కలిపితే ఇదే జరుగుతుంది, మా దగ్గర పెళ్ళికూతురి పాదాలకు పెట్టే పారాణి ఇదే అని చెప్పాను. ఆమె ముందు మరక వైపు చూసింది, ఆరుతున్న కొద్దీ అది మళ్ళీ పచ్చబడుతోంది. తర్వాత నా డబ్బా వైపు చూసింది.

"అయితే వందేళ్ళ తెర మీద మీ కూర పడిందంటావు."

కూర కాదు. ఎందుకంటే అలాంటి మరకే గడికి నాలుగు మూలలా ఉంది, నడిమధ్యనా ఉంది. ప్రతి దాంట్లోనూ ఎర్ర చుక్క. యంత్రం మీద పెట్టి చూస్తే పసుపు పసుపే, చుక్క కుంకుమే. చుట్టి చీకట్లో ఉంచారు కనుక వెలిసిపోలేదు.

"మరకకు జామెట్రీ రాదు. ఇది మనిషి పెట్టింది" అంది మా కన్సర్వేటర్. తర్వాత నేను ఆలోచించని ప్రశ్న వేసింది. "కానీ ఖాళీకి ఎవరైనా పూజ చేస్తారా?"

ఆ ప్రశ్నను శనివారం ఒక డాక్టరు గారింటి భోజనాలకు మోసుకెళ్ళాను. ఆయన గుంటూరు వైపు మనిషి, నాలాగే రిటైరయ్యాడు, నన్ను సరదాకి బావా అంటాడు. ఇంకొకాయన కరీంనగర్ ఇంజినీరు. ఇద్దరికీ అన్నీ తెలుసు.

"దిష్టి బావా, దిష్టి. డేరా బాగా ఆడుతోందని పక్క డేరావాడు ఏడ్చుంటాడు."

"అరే, దిష్టికి బొట్లెందుకు డాక్టర్ సాబ్? కొత్త కార్ కొంటే ముందు పసుపు పెడ్తమా లేదా? గట్లనే, పని షురూ చేసేముందు పెట్టిన్రు."

"పని షురూ చేస్తే పనేదండీ మరి? గడి ఖాళీగా ఉందంటున్నాడుగా."

"ఏమో. పెయింటర్‌కి హెచ్‌వన్ వీసా అయిపోయిందేమో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, మొదలుపెట్టి ఆపేసిన పని అన్న ఊహ మాత్రం నాతో ఇంటికొచ్చింది.

సోమవారం గదిలో లైట్లన్నీ ఆర్పి, ఒక్క లైటును తెరకు బాగా వాల్చి పక్కనుంచి వేశాం. ఇలా వేస్తే ఉపరితలం మీది చిన్న ఎత్తుపల్లాలు కూడా నీడలు వేస్తాయి. పాలిపోయిన గడిలో రంగు రాలిన గుంటలు లేవు. కుంచె నడిచిన జాడలున్నాయి. అంటే అది రంగు పోయిన చోటు కాదు, ఎవరో శ్రద్ధగా తెల్ల పూత పూసిన చోటు. పూత మీద అడ్డంగా సన్నని ఎర్రటి గీతలు. గీతకు అటూ ఇటూ పొడి చిలికినట్టు తుంపర.

ఆ తుంపర నాకు తెలుసు. కాలేజీ రోజుల్లో బెజవాడ బజారులో బోర్డులు రాసేవాళ్ళను గంటల తరబడి చూసేవాడిని. ముందు పాత బోర్డు మీద తెల్లగా పూస్తారు. కావి పొడి పట్టించిన దారాన్ని ఇద్దరు చెరో కొసా పట్టుకుని బిగించి, మధ్యలో లాగి వదిలితే టప్‌మని కొట్టి తిన్నని గీత పడుతుంది. ఆ గీతల మధ్య అక్షరాలు. ఈ గడిలో ఒక పెద్ద వరుసకూ, కింద చిన్న వరుసలకూ గీతలు పడి ఉన్నాయి. అక్షరాలు మాత్రం రాలేదు.

ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో తెల్ల పూత కిందికి చూశాం. కింద పాత ప్రకటన ఉంది: ఐసు డిపో. ఐసు గడ్డ మీద ఒక సీసా, పక్కన గ్లాసు. ఎండలు పోయాక ఐసు వ్యాపారి తప్పుకుని ఉండాలి, ఆ చోటుకు ఇంకెవరో వచ్చి ఉండాలి. తెర వెనక్కి తిప్పి చూడాలన్న ఆలోచన మాత్రం నాది కాదు. మా కన్సర్వేటర్ తిప్పింది. సరిగ్గా ఆ గడి వెనక, పూతలోని జిగురు నీళ్ళు గుడ్డలోంచి దిగిన చోట, అల్లిక గుర్తు అచ్చు పడింది. బుట్ట అడుగా అని ఆమె అడిగింది. తాటాకు చాప. తెరను చాప మీద పరిచి పని చేశారు.

ఇన్ని తెలిసినా పెద్దావిడకు చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. పని మొదలై ఆగింది. ఎందుకు ఆగింది? కాలిన డేరాకు బోర్డు దండగని ఆపి ఉండొచ్చు. ముందే తెలిసిన మోసగాడు ఆపించి ఉండొచ్చు కూడా. పసుపు బొట్లు అటో ఇటో చెప్పవు.

ఆ ఆదివారం ఆయుధపూజ. మా ఆవిడ ముందు రోజే మిక్సీకీ, కుట్టు మిషనుకూ, నా పాత మైక్రోస్కోపుకూ పసుపు కుంకుమ పెట్టి దేవుడి దగ్గర సర్దేసింది. పొద్దున్నే కారు కడగమంది. చలిగాలిలో పైపు పట్టుకుని కడిగాను. ఆమె బొట్లు పెట్టి, ఇండియన్ స్టోరులో కొన్న బంతిపూల దండ కారు ముందు కట్టింది.

"ఏవండీ, ఇంకా ఆ మైక్రోస్కోపు ముట్టుకోకండి. రేపటి దాకా అది దేవుడిది. అక్కడే నిలబడ్డారేం, నిమ్మకాయలు తెండి."

నేను నిమ్మకాయలు తేలేదు. దండ వైపు చూస్తూ నిలబడ్డాను. కార్లు లేని మద్రాసులో ఈ దండ దేనికి కట్టేవాళ్ళు? జట్కా బండికి. బండి లాగే గుర్రానికి.

గుర్రాలన్నీ పూలు పెట్టుకున్న రోజు.

మా కన్సర్వేటర్‌కు ఫోన్ చేశాను. ఆదివారం ఫోన్ చేస్తే ఆమెకు కోపం. మొదటి వాక్యం అయ్యాక కోపం పోయింది. ఆ రోజున పనివాళ్ళెవరూ పనిముట్టు ముట్టరని, కుంచె దగ్గర్నుంచి హార్మోనియం దాకా అన్నీ కడిగి బొట్టు పెట్టి పక్కన పెడతారని, చేతిలో ఉన్న పనికి కూడా పెడతారని చెప్పాను. బయోస్కోపు మనుషులూ మద్రాసు వాళ్ళే కనుక ఆ రోజు ఆట లేదు, డేరాలో ఎవరూ లేరు. పెయింటర్ తెల్ల పూత పూసి, గీతలు కొట్టి, పండగ వచ్చేసరికి కుంచెలతో పాటు తెరకూ బొట్లు పెట్టి ఆపేశాడు. ఐసు పోయే కాలమూ దసరా కాలమే. ఆమె అంతా విని, ఇందులో మనకు తెలిసిందెంత, నువ్వు కలిపిందెంత అని అడిగింది. అందుకే ఆమెకు ఫోన్ చేశాను.

ఆ వారమే మీటింగు. తెర పొడవాటి బల్ల మీద ఉంది. ఒక వైపు పెద్దావిడ, ఎదురుగా ఆమె చిన్న తాత మనవడు. పొడుగాటి మనిషి, ఊళ్ళో ట్రాక్టర్ల షాపు నడిపినవాడు. టోపీ చేతిలో పట్టుకుని, గదిలో ఆమె తప్ప మిగతా అందరికీ నమస్కారం చెప్పాడు. క్యూరేటర్ టీ ప్రకటన గుడ్డ కూడా తెచ్చి పెట్టాడు. చూడటానికి ముచ్చటగానే ఉంది.

నన్ను చెప్పమన్నారు. నేను రిపోర్టులో రాసిందే చెప్పాను. పసుపు, కుంకుమ, తెల్ల పూత, కావి గీతలు, చాప అచ్చు, ఇవి ఉన్నాయి. ఇవి అగ్నిప్రమాదానికి ముందే ఉన్నాయా అన్నది తెలియదు. ఫలానా పండగ రోజున ఇలా చేస్తారన్నది మా ఆచారం. మీ తాతగారు చెప్పిన గుర్రాల మాట దానితో కలుస్తోంది. ఆ రెండూ కలిసింది ఈ తెర మీదే అని రంగు నాకు చెప్పదు.

గుర్రాల మాట అర్థం కాగానే పెద్దావిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ట్రాక్టర్ల ఆయన మాత్రం గడి మీదికి వంగి, ఆ గీతలను చాలాసేపు చూశాడు.

"పెయింటర్ డేరాకే వచ్చి, అక్కడే చాప వేసుకుని రాసి ఉండొచ్చా?"

"రాసి ఉండొచ్చు" అన్నాను.

అలాగైతే తెరను పెయింటర్ తీసుకెళ్ళాడన్న పెద్దావిడ తాత మాట నిలవదు. మా కన్సర్వేటర్ నన్ను బల్ల కింద తన్నేలా చూసింది. ఇప్పటికీ అనుకుంటాను, ఆ మాట కాస్త నెమ్మదిగా చెప్పాల్సింది. మార్చి చెప్పడానికి మాత్రం నా దగ్గర వేరే మాట లేదు.

ఆయన తల ఎత్తలేదు. ఈ గీతలు దేనికని అడిగాడు. అక్షరాల కోసమని, పైన కొట్టు పేరు, కింద సరుకు పేరు రాసి ఉండేవాడని చెప్పాను. ఇంతవరకు రావడానికి ఎంత పని పడుతుందని అడిగాడు. పాతది కప్పాలి, ఆరనివ్వాలి, మళ్ళీ పూయాలి, ఆరాక గీతలు కొట్టాలి అని మా కన్సర్వేటర్ చెప్పింది.

"అంటే ఎవడో ఒక కొట్టువాడు మా పెద్ద తాతతో మాట్లాడుకున్నాడు. పేరు రాయించుకోవడానికి ఒప్పుకున్నాడు" అన్నాడాయన, మాకు కాకుండా గడికి చెబుతున్నట్టు. "బతుకంతా ట్రాక్టర్లు అమ్మాను. మూసేయబోయేవాళ్ళని చూశాను, ముంచబోయేవాళ్ళని చూశాను. తగలబెట్టే కొట్టుకు ఎవడూ కొత్త బోర్డు రాయించడు."

అప్పుడు మొదటిసారి పెద్దావిడ వైపు తిరిగాడు.

"అంత దూరం ఆలోచించి బోర్డుతో సహా నాటకం ఆడే తెలివి మన వంశంలో ఎవరికీ లేదు. నీకు తెలుసు."

"తెలుసు. మీ వైపు మరీను" అంది ఆమె.

క్యూరేటర్ టీ గుడ్డను మెల్లగా మడిచి ఫైలు కింద పెట్టాడు. ఎవరూ అడగకుండానే, గడి అలాగే ఉంటుందన్నాడు. వెళ్ళేముందు ట్రాక్టర్ల ఆయన నా దగ్గరికి వచ్చి, మరి నిప్పు ఎవరు పెట్టారని అడిగాడు. తెలియదన్నాను. మంచి జవాబేనన్నట్టు తల ఊపాడు.

దారిలో మాత్రం నాకొక ఊహ వచ్చింది. రిపోర్టులో రాయలేదు, ఇక్కడ రాస్తున్నాను, ఊహగానే తీసుకోండి. ఆనాటి ఫిల్ము ఎంత తొందరగా అంటుకుంటుందో చెప్పలేం. దాని తయారీలో కర్పూరం కూడా కలుపుతారు. ఆయుధపూజ రోజు బయోస్కోపు యంత్రం కూడా ఒక ఆయుధమే. దాన్ని నడిపే మనిషి పొద్దున్నే వచ్చి, యంత్రానికి బొట్టు పెట్టి, దండ వేసి, పక్కనే ఫిల్ము చుట్టలుండగా కర్పూర హారతి ఇచ్చి, డేరా కట్టేసి ఇంటికి వెళ్ళి ఉంటే? భక్తిగా, జాగ్రత్తగా, ఏ దురుద్దేశమూ లేకుండా. ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను.

"అన్నదమ్ముల తగువు తీరిందని సంతోషించక, అది తీసుకెళ్ళి దేవుడి మీద పెడతారా?" అంది. మళ్ళీ తనే, "ఆ గడిలో ఏం రాయబోయారంటారు?" అని అడిగింది. తెలియదన్నాను. "అదీ తెలియదా? మద్రాసులో దసరా తర్వాతే కదా వానలు, ఇంకేం రాస్తారండీ, గొడుగుల కొట్టే."

ప్రదర్శనలో హంసల ముందు కొంతమందే నిలబడ్డారు. క్యూరేటర్ భయపడ్డట్టే ఎక్కువమంది ఆ ఖాళీ ముందు ఆగారు. దాని పక్కన మేం పెట్టిన చీటీలో, రాయడానికి సిద్ధం చేసిన చోటు అని మాత్రం ఉంది. ఏం రాయబోయారో ఎవరికి వాళ్ళు ఊహించుకుంటూ వాదించుకునేవాళ్ళు. నేను రోజూ మధ్యాహ్నం అటు వెళ్ళి కాసేపు వినేవాడిని. గొడుగులు అన్నవాళ్ళు కూడా ఉన్నారు.

ఆ మరుసటి వసంతంలో పెద్దావిడ ఫోన్ చేసింది. తమ్ముడి మనవడు తనే కారులో తీసుకెళ్ళి శ్మశానంలో రాయి చూపించాడట. చెక్కేవాడు పేరు రావాల్సిన చోటు నునుపు చేసి, అక్షరాలకు కొలతలు వేసి వెళ్ళాడట. ఇంతలో చలి మళ్ళీ తిరగబెట్టడంతో పని ఆగిందట. ఆవిడ వయసు నాకు గుర్తొచ్చింది. అయితే ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉందా అని అడిగాను.

"ఖాళీ ఎందుకవుతుంది?" అంది. "గీతలు గీసి ఉంటే."